శుక్రవారం దాటని సాలీడు

మా ఆయన కోదండరాం పసుపు, మిరపకాయల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తారు. శనివారం ఉల్లిపాయ ముట్టరు, చీమ కనబడితే తప్పుకుని నడుస్తారు. అలాంటి మనిషి మా హాల్లో టరాంటులాను పెంచుతున్నారంటే చుట్టాలంతా నన్ను జాలిగా చూస్తారు.

మేడమీద అద్దెకుండిన సూర్య ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని గాజుపెట్టెతో సహా వదిలేసి పోయాడు. అరచెయ్యంత సాలీడు. ఒళ్ళంతా బొచ్చు. అది ఒక్కో కాలూ ఎత్తి పెడుతుంటే తిన్నది పైకొస్తుంది.

"పాపం, దిక్కులేంది, ఈడే ఉండనీ హైమా" అన్నారు. నేను దిక్కున్నదాన్ని గనక నన్నెవరూ అడగలేదు.

గుడ్డు గడప దాటని ఇల్లు మాది. అందులోకి డబ్బాలో బతికున్న బొద్దింకలు కొనుక్కొస్తారు! పటకారుతో అందిస్తూ "తిను తల్లీ" అని బుజ్జగిస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు ఒక్క ముద్ద అలా పెట్టి ఎరగరు. అసహ్యం ఒకటే కాదు, చెప్పుకోవడానికి సిగ్గుగానీ, నాకు దాని మీద కుళ్ళు కూడా.

నా శుక్రవారమంటే ఆయనకు నవ్వు. శుక్రవారం దీపం పెట్టాక మా ఇంట్లోంచి చెత్త కూడా బయటికి పోదు. పోతే వెంట లక్ష్మి పోతుందని మా అత్తగారు నేర్పారు. పక్కింటి పరిమళ పెరుగు తోడు అడిగినా రేపు రమ్మంటాను.

"నీ లక్ష్మి చెత్తబుట్టలో దాక్కోని ఉండాదా?" అని ఏడిపిస్తారు.

మొన్న ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో మరిది శివరామ్ తోడున్నాడు. నా కాపలా సాలీడుకి.

"నీళ్ళగిన్నె ఎండనీయొద్దు హైమా. తిండి మానేసుండాది, అదే నాకు దిగులు" అన్నారు వెళ్తూ. కోత తన కడుపుకైతే దిగులు పురుగు మీద!

శుక్రవారం దీపం పెట్టి చూద్దును గదా, అది వెల్లకిలా పడి ఉంది. కాళ్ళన్నీ పైకి. కదలిక లేదు. పీడ వదిలిందనుకున్నాను. మరుక్షణమే ఆయన గుర్తొచ్చారు. కుట్లతో పడుకున్న మనిషికి ఈ మాట ఎలా చెప్పను?

ముందు ఆ రోతను పారేద్దామని చేట, చీపురు తెచ్చాను. దీపం వెలుగుతోంది. శుక్రవారం! శవమైనా సరే, తెల్లారేదాకా నాతో ఉండాల్సిందే. పెట్టె మీద పాత తువ్వాలు కప్పేసి, అన్నం సయించక అలాగే పడుకున్నాను.

పొద్దున తువ్వాలు తీస్తే లోపల రెండున్నాయి. ఒకటి నలిగిన తోలులా, ఇంకోటి నిగనిగలాడుతూ నీళ్ళగిన్నె పక్కన. కేక పెట్టి శివరామ్‌కి ఫోన్ చేస్తే మా ఆయనే అందుకున్నారు.

"ఏమండీ, నిన్న చచ్చింది, తెల్లారేసరికి రెండయింది!"

"ఐయో, కుబుసం విడిచిండాది హైమా! తిండి ఎందుకు మానేసిందో అని ఇప్పుడే సూర్యకు ఫోన్ చేసి అడిగినా. తిండి మానేసేది దానికేనంట. వెల్లకిలా పడుకోని విడుస్తాదంట. అప్పుడు కదిలిస్తే చచ్చిపోతాదంట. నువ్వు తాకలేదు కదా?"

"నిన్న శుక్రవారం కదండీ" అన్నాను.

నవ్వుతారనుకున్నాను.

"ఇంక నీ శుక్రవారాన్ని ఏమీ అనను హైమా" అన్నారు. ఏడుస్తున్నారని అర్థమైంది.

ఫోన్ పెట్టేసి పెట్టె వైపు చూశాను. ఇన్నేళ్ళూ గడప దాటకుండా నేను కాపాడుకున్న లక్ష్మి, ఎనిమిది బొచ్చుకాళ్ళతో గాజు ఎక్కుతోంది. ఛీ!