అతను చెక్కని మేకలు

మా కొండ ఊళ్ళో అతన్ని అందరూ రాతాయన అనేవాళ్ళు. సమాధి రాళ్ళ మీద, కొత్త ఇళ్ళ గడపల మీద, శంకుస్థాపన పలకల మీద పేర్లు చెక్కడం అతని పని. అసలు పేరు మా మున్సిపాలిటీ రిజిస్టరులో ఉండేది గాని, దానితో ఎవరికీ అవసరం పడలేదు. నేను అదే మున్సిపాలిటీలో గుమాస్తాని. ఈ కథలో నేను చేసిన పని కూడా ఉంది. దాన్ని దాటవేయను.

బజారు వీధి చివర, కొండను ఆనుకుని అతని రేకుల షెడ్డు ఉండేది. గుమ్మానికి తడి గోనెపట్టా వేలాడదీసేవాడు, దుమ్ము వీధిలోకి పోకుండా. దాంతో ఆ దుమ్మంతా అతని ఊపిరితిత్తుల్లోకి పోయింది. ముప్పై ఏళ్ళ వయసుకే కనుబొమలు తెల్లగా ఉండేవి. సాయంత్రం ముఖం కడుక్కుంటే మళ్ళీ నల్లబడేవి. "మీ ఆయన రోజూ పొద్దున ముసలివాడై రాత్రికి కుర్రాడవుతాడే" అని అతని భార్యను ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. ఆమె నవ్వేది. ఆ రోజుల్లో ఆమెకు నవ్వు తొందరగా వచ్చేది.

ఊరికి పైన, గంట నడక దూరంలో మేకల బండ ఉండేది. కొండవాలు పొడుగునా ముదురు గోధుమరంగు రాళ్ళు, వాటి మీద బొమ్మలు. వెనక్కి వంగిన కొమ్ముల మేకలు, విల్లు ఎక్కుపెట్టిన మనుషులు, చక్రాలు, అరిపాదాలు. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. మా ఊరే చాలా తర్వాత పుట్టింది. కనుమ దాటే ఉప్పు వర్తకులు గాడిదలను ఆపుకునే మజిలీ అది. వాళ్ళు కూడా బండ మీద తమ గుర్తులు గీసుకున్నారు. తర్వాత ఎవరో రాజు కాపలా పెట్టిన సైనికులు వచ్చి, పొద్దుపోక ఆ మేకల మీదే తుపాకీ గురి నేర్చుకున్నారు. ఆ గుండ్ల మచ్చలు కూడా ఉండేవి. ఆ తర్వాత మేము. మాకు అవి కంబళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చే బండలు, అంతే.

రాతాయన మాత్రం సెలవు రోజున బ్రష్షు, నీళ్ళ సీసా పట్టుకుని పైకి పోయేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. ఒక బొమ్మ దగ్గర కూర్చోబెట్టి వేలితో తడిమి చూడమన్నాడు.

"ఇనుము తగిలితే రాయి తెల్లగా పగులుతుంది తమ్ముడూ. గీత అంచు కోసుకుపోతుంది. ఇది అలా లేదు చూడు. రాయితో రాయిని కొట్టారు, చుక్క పక్కన చుక్క. ఆ తర్వాత ఎండా వానా కలిసి ఆ గుంటల మీద మళ్ళీ నల్ల చర్మం మొలిపించాయి. అది ఇంత మందాన మొలవాలంటే మన తాతలూ ముత్తాతలూ చాలరు. వేల ఏళ్ళు పట్టాలి."

అన్నీ లెక్కపెట్టి పొడుగు నోటు పుస్తకాల్లో దించుకున్నాడు. నాలుగు వందల పన్నెండు. వాటిలో వెనకబడ్డ పిల్ల కోసం మెడ తిప్పి చూసే తల్లి మేక ఒకటి ఉంది. దాని దగ్గర అతను చాలాసేపు కూర్చునేవాడు.

రోడ్డు మాట వచ్చింది అప్పుడే. కొండచరియ విరిగిపడితే మా ఊరికి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయేది. ఉన్న ఒక్క జీపు దారి ఏటా మూడు నెలలు మూతపడేది. కొత్త రోడ్డు కోసం సర్వే చేస్తే, గట్టి నేల ఉన్నది మేకల బండ మీదుగానే అని తేలింది. ఊరంతా పండగ చేసుకుంది. రాతాయన మాత్రం రాజధానిలోని పురావస్తు కార్యాలయానికి ఉత్తరం రాశాడు, పన్నెండు బొమ్మలు దించి జత చేసి. నెల తిరక్కుండా జవాబొచ్చింది. నిపుణుడు వచ్చి చూసేదాకా పని ఆపమని.

పని ఆగిన రెండో నెలలో రొట్టెల కొట్టతని భార్యకు నొప్పులు వచ్చాయి. జీపు దారి మూసుకుపోయి ఉంది. మంచం మీద మోసుకెళ్తుంటే మూడో మలుపు దగ్గర ఆమె, కడుపులో బిడ్డ ఇద్దరూ పోయారు.

వారం తర్వాత రొట్టెలతను షెడ్డుకు వచ్చాడు. "రెండు పేర్లు చెక్కాలి" అన్నాడు. "ఒకటి చెప్తాను. రెండోదానికి ఇంకా పేరు పెట్టలేదు. ఏం చెక్కుతావో నువ్వే ఆలోచించుకో."

రాతాయన నాలుగు రోజులు ఇంకో పని ముట్టుకోలేదు. తల్లి పేరు చెక్కి, దాని కింద చిన్న అక్షరాలతో 'బిడ్డ' అని చెక్కాడు. అంత అందమైన చెక్కడం నేను అంతకుముందు చూడలేదు. రొట్టెలతను నలుగురిని వెంటబెట్టుకొచ్చి, రాయిని ఎత్తించి, అదే షెడ్డు గుమ్మం మీద వేసి పగలగొట్టించాడు.

"నీ చెయ్యి పడ్డ రాయి నా పెళ్ళాం మీద ఉండక్కర్లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఊరు అతన్ని వెలేసినంత పని చేసింది. కుళాయి దగ్గర అతని భార్య బిందె పెడితే పక్కకు తన్నేవాళ్ళు. ఒకరోజు వెనకనుంచి ఎవరో ఆమె జుట్టులో రొట్టెపిండి పూశారు. ఇంటికొచ్చి కడుక్కుంటే అది వదల్లేదు. చివరికి కూతురు కత్తెరతో ఆ పాయలు కత్తిరించింది. ఆ కూతురు మా మున్సిపాలిటీ బడిలో టీచరు. పోస్టు ఇంకా ఖాయం కాలేదు.

మా ఛైర్మన్ రాతాయన బావమరిదే, భార్యకు సొంత తమ్ముడు. అక్క పెళ్ళినాటికి ఏడేళ్ళవాడు, తల్లీ తండ్రీ లేరు. ఆ ఇంట్లోనే పెరిగాడు. అతనికి ఇసుకలో ఉలి మొనతో అక్షరాలు దిద్దించింది రాతాయనే. అలాంటివాడు ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాడు. గోనెపట్టా తప్పించుకుని లోపలికి పోయి ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాడు.

"బావా, కోప్పడకుండా విను. ఆ మేకలు పాతవైతేనే కదా చట్టం? కొత్తవైతే అవి ఉత్త గీతలు."

"పాతవే."

"నువ్వే చెక్కానని ఒప్పుకో. వయసులో ఉన్నప్పుడు, సరదాకి. నాలుగు రోజులు నవ్వుకుంటారు, తర్వాత మర్చిపోతారు."

"నాలుగు వందల పన్నెండు బొమ్మలా, సరదాకి?"

"చూశావా, లెక్క కూడా నీకే తెలుసు. ఇంకేం, అందరూ నమ్ముతారు."

రాతాయన ఉలి కింద పెట్టాడు. బావమరిది గొంతు మారలేదు.

"అమ్మాయి ఫైలు నా టేబుల్ మీద ఉంది బావా."

"అది నీ మేనకోడలురా."

"అందుకే ముందుగా వచ్చి చెప్తున్నాను. పరాయివాళ్ళ పిల్లయితే చెప్పకుండానే తీసేసేవాణ్ణి."

లోపలి గదిలోంచి భార్య వచ్చింది. కత్తిరించిన జుట్టు కనబడకుండా తలకు గుడ్డ చుట్టుకుంది. తమ్ముణ్ణి తిడుతుందనుకున్నాను. ఆమె మొగుడి వైపే చూసింది.

"ఏమండీ, ఆ రాళ్ళ మేకలు గడ్డి అడుగుతాయా, నీళ్ళు అడుగుతాయా? ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆకలేస్తుంది. సంతకం పెట్టండి. పెట్టకపోతే నేను తమ్ముడి వెంట పోతాను."

మర్నాడు ఆఫీసులో ఒప్పుకోలు కాగితం నేనే టైపు చేశాను. 'సదరు బొమ్మలను నా యౌవనమందు ఉలితో చెక్కితిని' అని ఛైర్మన్ చెప్తుంటే కొట్టుకుంటూ పోయాను. "ఏ సంవత్సరం వేయమంటావన్నా?" అని మధ్యలో రాతాయనను అడిగాను. "మీ ఇష్టమండీ" అన్నాడు. ఇరవై ఏళ్ళ పరిచయంలో నన్ను అతను 'అండీ' అనడం అదే మొదటిసారి. కాగితం ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతకం చేశాడు.

నిపుణుడు వసంతంలో వచ్చాడు. కొండ గాలి పడక, ఊపిరి ఆడక, మూడు రోజులూ అతిథి గృహం దాటలేదు. ఫోటోలు చూశాడు, కాగితం చూశాడు. పైకి ఎక్కలేక, ఆ మనిషి నిజంగా చెక్కగలడో లేదో తన కళ్ళముందే చూపించమన్నాడు. పెరట్లో ఒక నల్లరాయి పెట్టించారు. రాతాయన గుప్పిట్లో పట్టే గట్టి గులకరాయి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా గోడెక్కి చూసింది. గంటన్నరలో తల్లి మేక తయారైంది, మెడ తిప్పి వెనక్కి చూస్తూ. ఛైర్మన్ మనుషులు దాని మీద మసీ నూనే కలిపి రుద్దారు. దూరం నుంచి చూస్తే పాతదానిలాగే ఉంది.

"ఇంత చెయ్యి ఉన్నవాడివి, మోసానికి ఎందుకు దిగావయ్యా?" అన్నాడు నిపుణుడు.

"తోచక" అన్నాడు రాతాయన.

గోడల మీద వాళ్ళంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

బండను పేల్చిన రోజు దుకాణాలు కట్టేశారు. జనం తినుబండారాలు కట్టుకుని మేడల మీదికి ఎక్కారు. అనుమానం మిగలకూడదని ఛైర్మన్ తన బావను పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. సైరన్ మోగింది. కొండవాలు ఒక్కసారి పైకి లేచినట్టయి, కూలింది. దుమ్ము ఊరిమీదికి దిగుతుంటే అందరూ ముక్కులు మూసుకున్నారు. రాతాయన మూసుకోలేదు. పగిలిన రాళ్ళను రోడ్డు పక్క గోడకు వాడారు. బొమ్మలున్న వైపు లోపలికి తిప్పి పేర్చమని మేస్త్రీకి ప్రత్యేకంగా చెప్పారు. రోడ్డు ప్రారంభానికి ఛైర్మన్ పేరుతో పలక కావాల్సి వచ్చింది. దాన్నీ రాతాయనతోనే చెక్కించారు.

రోడ్డు మంచిదే. అబద్ధం ఎందుకు, ఆ చలికాలం ముగ్గురు గర్భిణులు వేళకు ఆస్పత్రికి చేరారు. కూతురి పోస్టు ఖాయమైంది. భార్య కుళాయి దగ్గర మళ్ళీ ముందు వరసలో నిలబడింది. పిల్లలు మాత్రం రాతాయన కనిపిస్తే మేకల్లా అరిచేవాళ్ళు.

ఏడేళ్ళ తర్వాత రాజధానిలో ఒక పరిశోధకురాలికి పాత పెట్టెలో గాజు పలకల ఫోటోలు దొరికాయి. నూరేళ్ళ కిందట ఎవరో సర్వే అధికారి తీసినవి. వాటిలో మా బండ, మా మేకలు. రాతాయన పుట్టకముందే ఉన్న మేకలను రాతాయన ఎలా చెక్కాడని పత్రికలన్నీ అడిగాయి. దేశంలో ఇంకెక్కడా దొరకని సంపద అన్నారు. పక్క లోయలో ఓ ఇరవై బొమ్మలున్న పల్లెకు విదేశీయులు వస్తున్నారనీ, అక్కడ హోటళ్ళు లేచాయనీ మా ఊరికి అప్పుడే తెలిసింది. "నోటి దగ్గర కూడు తన్నేశాడు దొంగ ముండాకొడుకు" అని రొట్టెలతనే అందరికంటే గట్టిగా అరిచాడు.

ప్రభుత్వాన్ని తప్పుదోవ పట్టించినందుకు కేసు పెట్టారు. పెట్టింది రాతాయన ఒక్కడి మీదే. సంతకం ఒక్కడిదే కదా. "పెద్దవాడు, మా బావ, చెప్తే నమ్మాం" అన్నాడు ఛైర్మన్, కళ్ళు తుడుచుకుంటూ. నన్ను సాక్షిగా పిలిచారు.

"ఆ కాగితం రాసేటప్పుడు ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు జడ్జి.

"లేదండి. తనంతట తానే చెప్పాడండి" అన్నాను.

రాతాయన నావైపు తిరగలేదు. జడ్జి తనను అడిగినప్పుడు మాత్రం దగ్గు ఆపుకుంటూ మాట్లాడాడు.

"ఉలితో చెక్కానని ఆ కాగితంలో ఉందండి. పెరట్లో అందరి ముందూ రాయితో కొట్టి చూపించాను. ఉలి గీత వేరు, రాయి దెబ్బ వేరు. వచ్చే నిపుణుడు చదువుకున్న మనిషి, చూస్తే పట్టేస్తాడు, ఇది అబద్ధమని తేలుతుందని సంతకం పెట్టానండి. ఆయన పట్టలేదు."

"అంటే అబద్ధమని తెలిసే సంతకం పెట్టావన్నమాట" అన్నారు జడ్జి, రాసుకుంటూ.

ఏడాదిన్నర శిక్ష పడింది. తండ్రి నేరస్థుడని కూతురి ఉద్యోగం తీసేశారు. ఆ ఉత్తర్వు మీద మేనమామే సంతకం చేశాడు. భార్య ఇంటికి తాళం వేసి తమ్ముడింట్లో చేరింది.

జైలునుంచి వచ్చేసరికి అతను పది అడుగులకోసారి ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. కూతురు అప్పటికే కింద పట్నంలో బట్టల కొట్లో పనికి కుదిరింది. తండ్రిని తీసుకుపోవడానికి వచ్చింది. నేను బస్సు దగ్గరికి అన్నం పొట్లం పట్టుకెళ్ళాను. ఆమె పొట్లం వైపు, నా వైపు చూసింది.

"నాన్న తినడు. తీసుకెళ్ళండి బాబాయ్" అంది.

"అన్నా" అన్నాను కిటికీ దగ్గరికి పోయి. అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

ఆ వానాకాలంలోనే పట్నం ఆస్పత్రిలో పోయాడు. కూతురు తల్లికి నాలుగు ముక్కల ఉత్తరం రాసింది. అది వచ్చినప్పుడు నేను ఏదో ఫైలు పని మీద ఛైర్మన్ ఇంట్లోనే ఉన్నాను. అక్క కళ్ళలో పొరలు కమ్మి చదవలేక, తమ్ముడి చేతికి ఇచ్చింది. అతను ఉత్తరం పైనుంచి కిందికి చూశాడు, మడిచాడు.

"బావ బాగానే ఉన్నాడట అక్కా. అక్కడి గాలి పడిందట."

"ఎందుకు పడదు. నా మీద బెంగ ఉంటే కదా" అంది ఆమె.

ఛైర్మన్ నా వైపు చూశాడు. నేను ఫైలు తిప్పాను. ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పటికీ నేను వెళ్ళినప్పుడల్లా ఆమె నా గొంతు గుర్తుపట్టి, "మీ అన్న దగ్గరనుంచి ఏమైనా కబురుందా?" అని అడుగుతుంది. లేదు వదినా అంటాను.