ఎదుటి వరస చప్పట్లు

కువైట్‌లో నేను వంట చేసే ఇంట్లో పెళ్లి జరిగిన రోజు నా చెవి సంగతి బయటపడింది.

అక్కడి ఆడవాళ్ల పాటల్లో ఊరికే కూర్చుని వినేవాళ్లుండరు. తప్పెటలు మోగుతుంటే ఒక వరస చప్పట్లు కొడుతుంది, ఆ చప్పట్ల సందుల్లో ఎదుటి వరస కొడుతుంది. ముత్యాల కోసం పడవల్లో పోయిన మగవాళ్లు క్షేమంగా తిరిగి రావాలని తన అవ్వ పాడిన పాటలవని, అవి రానిది తమ పిల్లే కాదని ఆ ఇంటి ముసలామె అనేది. నాకూ నేర్పి తన పక్కన నిలబెట్టుకునేది. నిమ్మనపల్లె పక్క పల్లెదాన్ని, ఆ వరసలో ఉన్నంతసేపు పనిమనిషినని మరిచిపోయేదాన్ని.

ఆ రోజు రెండు వరసలూ కలిసి ఒకే మోతగా వినిపించాయి. నేను తప్పుగా కొడుతున్నాను. ముసలామె నా చేతులు పట్టి ఆపింది. అంతలో గోడలు గిర్రున తిరిగాయి.

ఎడమ చెవిలో చిన్నప్పటినుంచీ చీము కారేది. నూనె కాచి పోసుకునేదాన్ని.

కువైట్ వదిలి ఇంటికొచ్చేశాను. మదనపల్లెలో వినికిడి పరీక్ష ఆడియోమెట్రీ, సీటీ స్కాన్ చేశారు. "కొలెస్టియటోమా అమ్మా. చెవి లోపల చర్మం గడ్డలా పెరిగి, చెవి వెనక ఎముకను తినేస్తాండాది. మెదడు దాకా పోకముందే ఆ ఎముకకు మాస్టాయిడ్ ఆపరేషన్ చేయాల" అన్నాడు డాక్టరు. ముఖాన్ని కదిలించే నరం పక్కనే ఉందని, మూతి వంకర పోయే ప్రమాదం కొంత ఉందని, ఆ చెవికి వినికిడి తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పాడు.

ఆపరేషన్ రోజు దాకా పుంగనూరులో అక్క ఇంట్లో ఉంటూ పొద్దస్తమానం అద్దంలో నవ్వి చూసుకునేదాన్ని. కుడి చెవిలో దూది కుక్కుకుని చప్పట్లు కొట్టి వినేదాన్ని. ఏమీ వినబడేది కాదు.

"యాలమ్మా అట్లా చప్పట్లు కొట్టుకుంటాండావు? ఆ పాటలు మనవి కాదు గదా" అంది అక్క.

"మనవే అక్కా. నేనూ ఆ వరసలో ఉణ్ణ్యాను" అన్నాను.

ఆపరేషన్ అయి మత్తు దిగాక డాక్టరు నవ్వమన్నాడు. నవ్వాను. మూతి రెండు పక్కలా కదిలింది. కానీ ఏడాది తిరక్కుండానే మళ్లీ చీము, మళ్లీ తల తిరుగుడు. రెండో ఆపరేషన్‌కు ఇంకా భయపడ్డాను. ఏం జరుగుతుందో ఈసారి తెలుసు కదా. అదీ అయింది, ఎడమ చెవికి మాత్రం వినికిడి తిరిగి రాలేదు.

ఇప్పుడు కుప్పంలో మా ఆయనా నేనూ టిఫిన్ అంగడి నడుపుతున్నాం. పాట వినబడుతుంది, ఏ పక్కనుంచి వస్తుందో తెలియదు. రోడ్డు దాటాలంటే ఆయన చెయ్యి పట్టుకుంటాను. జలుబు చేస్తే చాలు, మళ్లీ చీమొస్తుందేమోనని చెవి తడుముకుంటాను.

చెవిలో చీము కారుతుంటే నూనె పోయకండి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. నాకు మొదటినుంచీ నొప్పే లేదు.