కొలిచానని చెప్పిన మాట

నిన్న మధ్యాహ్నం జర్మనీలో, ఎష్‌బోర్న్‌లో మా ఇంటి వెనక మా అమ్మాయి సైకిల్ గొలుసుకు నేను నూనె పెడుతుంటే, ఆ వాసనకు నా చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ తుపాకులకు వాడే నూనెనే సైకిళ్లకూ తలుపులకూ వాడేస్తారు. అమ్మాయి ముక్కు మూసుకుని "పాపా, దస్ స్టింక్ట్" అంది, నాన్నా కంపు కొడుతోందని. నాకు మాత్రం మాగ్డెబర్గ్‌లో హెర్ కోబర్ వర్క్‌షాప్ కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

ఆయన లైసెన్సున్న తుపాకుల మెకానిక్. మాస్టర్స్ చదువుతూ ఆయన దగ్గర పార్ట్‌టైమ్‌కి చేరాను. షూటింగ్ క్లబ్బుల వాళ్లు తెచ్చే రివాల్వర్లకు, ముఖ్యంగా బ్యారెల్ మార్చుకునే వాటికి, ఆయన పెట్టింది పేరు. పొట్టి బ్యారెల్ విప్పి పొడవుది వేసేటప్పుడు, దానికీ తూటాల చక్రానికీ మధ్య వెంట్రుకవాసి సందు వదలాలి. ఆ సందులో ఫీలర్ గేజ్ అనే సన్నటి ఉక్కు రేకు పెట్టి కొలిస్తే గానీ ఆయన నట్టు బిగించేవారు కాదు. ఇక పిడి చెక్కడం ఓ పెద్ద తతంగం. మనిషి అరచేతికి సుద్దపొడి రాసి పట్టుకోమనేవారు. పొడి అంటిన చోటల్లా చెక్కను కాస్త గీసి మళ్లీ పట్టుకోమనేవారు. నాకు విసుగొచ్చి "ఇంక చాలదా?" అంటే, "నన్నెందుకు అడుగుతావు? ఆ చేతిని అడుగు" అనేవారు.

ఆయనకు డెబ్బై దాటాయి, చేతులు వణకడం మొదలైంది. ఆ ఏడాది క్లబ్బు పోటీలో సరిగ్గా కాల్చగలిగితేనే షాపు నడుపుతానని తనకు తానే షరతు పెట్టుకున్నారు. పోటీ ముందు రోజు తన రివాల్వర్‌కు పొడవు బ్యారెల్ వేయమన్నారు. అదే రోజు నాకు వీసా పొడిగింపు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, మూడు నెలలు కాచుకుంటే దొరికింది. ట్రామ్‌కు టైమైపోతోంది. గేజ్ ఎక్కడో పిడిచెక్కల కింద పడిపోయింది. రివాల్వర్‌ను వెలుతురుకు పట్టి చూసి, సందు సరిపోయిందనుకున్నాను.

"కొలిచావా?" అన్నారు.

"కొలిచాను."

చివరి బిగింపు ఎప్పుడూ ఆయనదే. నా మాట మీద నట్టు బిగించారు.

పోటీలో పన్నెండో తూటా దాకా బాగానే కాల్చారు. ఆ తర్వాత వేడికి సందు చాలక చక్రం బ్యారెల్‌ను రాసుకుని పట్టేసింది. ఆయన రివాల్వర్ బల్ల మీద పెట్టి కుడిచేతిని చాలాసేపు చూసుకున్నారు. "నేనే ఎక్కువ బిగించాను. ఈ చెయ్యి ఇక నా మాట వినదు" అన్నారు. పక్కనే ఉన్నాను. రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను.

రూమ్మేట్ శ్రీకాంత్‌ది వరంగల్. వాడికి చెప్పుకుంటే, "పోయి చెప్పరాదురా. మా అంటే నాలుగు తిడతడు, గంతే కదా" అన్నాడు. నిజంగానే వెళ్లాను. హెర్ కోబర్ అప్పటికే పనిముట్లు పెట్టెల్లో సర్దేస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే ఆ ఫీలర్ గేజ్ నా చేతిలో పెట్టారు. "కొలవకుండా నువ్వు ఏదీ వదలవు. ఇది నీ దగ్గరే ఉండాలి" అన్నారు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఎంత పిరికివాణ్ణో ఆ రోజే నాకు తెలిసింది. ఉద్యోగం వచ్చాక వెళ్లి చెబుదామనుకున్నాను, పెళ్లయ్యాక అనుకున్నాను. నేను వెళ్లేలోపే ఆయన పోయారు. తన చేతిదే తప్పని నమ్ముతూనే పోయారు.

ఆఫీసులో నేను ప్రతిదీ రెండుసార్లు సరిచూస్తానని మెచ్చుకుంటారు. విన్నప్పుడల్లా తల దించుకుంటాను.

నిన్న గొలుసు పని అయ్యాక అమ్మాయి సైకిలెక్కి అడిగింది. "బ్రేక్ చూశావా, పాపా?"

చూశానని నోటిదాకా వచ్చింది. అమ్మాయిని కిందికి దిగమని, మోకాళ్ల మీద కూర్చుని, అప్పుడు చూశాను.