చావుల అక్క

ఆఫీసులో అందరూ ఆవిడను చావుల అక్క అంటారు. కోపం తెచ్చుకోవలసిన పేరే, కానీ ఆవిడ ఉద్యోగం అలాంటిది. తయారవుతున్న వీడియో గేమ్ ఆడి లోపాలు పట్టుకోవాలి. కొరడా పట్టిన వేటగాడు పాడుబడ్డ కోట ఎక్కి, నెత్తురు తాగే దొరను చంపే ఆట. మొదట్లో అస్థిపంజరాల చేతుల్లో రోజంతా చస్తూ ఉండేది. ఇప్పుడు చావడం అరుదు, పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆ జీతంతోనే ఆవిడా, అమ్మా బతుకుతున్నారు. అమ్మకు వేరే దిక్కు లేదు.

ఇప్పుడా ఆటే ప్రాణం మీదికి తెచ్చింది. ఆడి చూడమని బయటివాళ్లకిస్తే, గడియారం బురుజు మెట్ల మీద బొమ్మ బిగుసుకుపోతోందట. ఆఫీసులో మాత్రం నిక్షేపంలా నడుస్తోంది.

"సాయంత్రంలోగా అదెందుకో పట్టుకోకపోతే నీకిక్కడ పనేముందమ్మా?" అని యజమాని తేల్చి చెప్పేశాడు.

కంట్రోలర్ మీటలు నొక్కి నొక్కి మధ్యాహ్నానికి ఆవిడ వేళ్లు వాచాయి. కూతురు మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికొచ్చిన అమ్మ, ఆ మొహం చూసి పక్కనే కూర్చుంది.

"ఇలా తే, నేను నొక్కుతా. నువ్వు కాసిని మంచినీళ్లు తాగు."

"నీకు రాదే అమ్మా."

"రాకపోతే ఏం, ఆ దొర నన్ను కొరుక్కు తింటాడా?"

అమ్మకు మెట్లెక్కడమే గగనమైంది. సగం దారిలో గబ్బిలం మీద పడింది. హడలిపోయి చేతికందిన మీటలన్నీ ఒకేసారి నొక్కేసింది. బొమ్మ బిగుసుకుపోయింది.

కూతురు అమ్మను వాటేసుకుంది. ఆఫీసులో ఎవరూ ఆ గబ్బిలాన్ని దగ్గరికి రానివ్వరు. కనబడగానే కొట్టేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లందరూ చేసిన తప్పు అదే.

యజమాని వచ్చి చూసి సంతోషించాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మనక్కావలసింది ఆడటం రానివాళ్లన్నమాట. రేపట్నుంచి మీరొస్తారా పెద్దమ్మా?"

"మరి మా పిల్ల?"

"ఇద్దరికీ జీతమివ్వలేనమ్మా."

కూతురు అమ్మ చేతిలోంచి కంట్రోలర్ లాక్కుంది.

"ఆగండి సార్. నేనూ ఓడిపోగలను, చూడండి."

వేటగాణ్ణి మెట్లెక్కించింది. కొట్టకూడదు, కొట్టకూడదు అనుకుంటూనే ఉంది. గబ్బిలం కనబడింది. బొటనవేలు దాని పని అది చేసేసింది.

"ఇంకొక్కసారి సార్," అంది.