ఎలిజబెత్ టీచరమ్మ మిద్దె మీది చుక్కకూర

మా పక్కింటి ఎలిజబెత్ టీచరమ్మ పుట్టింది జమ్మలమడుగులో, పాఠాలు చెప్పింది పులివెందులలో, రిటైరయ్యాక స్థిరపడింది మా ప్రొద్దుటూరులో. భర్త పోయాడు, పిల్లలు లేరు. మిద్దె మీద ఒక నీళ్ల తొట్టి, అందులో చేపలు, పక్కనే కంకర నింపిన సగం డ్రమ్ములు. చేపల నీళ్లను చిన్న మోటారు డ్రమ్ముల్లోకి ఎక్కిస్తుంది. చేపల మలమే ఎరువై చుక్కకూర, పాలకూర ఏపుగా పెరుగుతాయి. తేటపడిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి జారతాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె ఒక చేప వండుకునేది. ఆకుకూర మాత్రం రోజు విడిచి రోజు మా అమ్మకు పంపేది.

బట్టలంగడి తప్ప వేరే లోకం తెలియని మనిషిని నేను. రెండేళ్లు ఆ చుక్కకూర పప్పు లొట్టలు వేసుకుంటూ తిన్నాను. ఒకరోజు మా ట్యాంకు పొంగుతోందని మిద్దె ఎక్కితే, పక్క మిద్దె మీద చేపలు కనబడ్డాయి. పైపు ఎటు పోతోందో చూశాను. ఒళ్లు మండిపోయింది.

అమ్మ ఊళ్లో లేని రోజది. వీధిలో నలుగురూ వింటుండగానే అరిచాను. "ఏంది టీచరమ్మా, నీసు ముట్టని ఇంటికి చేపల నీళ్ల కూర పంపుతాండావా?" ఎప్పుడూ మీరు అనే నోరు ఆ రోజు నువ్వు అంది. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నాలుగో రోజు చుక్కకూర కట్ట పట్టుకుని వచ్చింది. "చేపలన్నీ ఎదురింటి ఆఫ్రీన్ వాళ్లకు ఇచ్చేసినానప్పా. తొట్టి కడిగి మంచినీళ్లు పోసినా. ఇంక మీ అమ్మ తినొచ్చు."

ఏదో గెలిచినవాడిలా అందుకున్నాను. సిగ్గులేని చేతులు.

నెల తిరిగేసరికి ఆమె మొక్కలు పాలిపోయాయి. ఉత్త నీళ్లతో ఏ మొక్క బతుకుతుంది? కూర రావడం ఆగింది. ఎందుకని అమ్మ అడిగితే జరిగింది చెప్పాను. తింటున్న కంచం పక్కకు జరిపింది.

"చేపల సంగతి మొదటి కట్ట ఇచ్చిన దినమే నాకు చెప్పిందిరా ఆయమ్మ. మన చేన్లో పేడ ఎయ్యమా అని నేనే తీసుకున్నా. ఆ మాట నీకు చెప్పకుండా తిట్లన్నీ తానే పడింది. ఆ చేప ఆయమ్మకు ఆదివారం కూడు. అదీ మానిపిస్తివి."

మరునాడు మార్కెట్లో రెండు కట్టల చుక్కకూర కొని ఆమె ఇంటికి పోయాను. చేపపిల్లలు నేనే తెప్పిస్తాను, మళ్లీ పెంచండని బతిమాలాను.

"వద్దులేప్పా. తొట్టి చూస్తే నువ్వు అరిచిందే గుర్తొస్తాది." కట్టలు అందుకుని నెమ్మదిగా అడిగింది. "ఇవి ఏ నీళ్లతో పెంచినారో కనుక్కున్నావా?"

లేదు. ఇరవై ఏళ్లుగా మార్కెట్లో కూర కొంటున్నాను, ఎవరినీ అడగలేదు. ఆమెనొక్కదాన్నే అడిగాను. అదీ వీధిలో నిలబెట్టి.