గోనెల గ్రౌండు, గున్నమ్మ జల్లెడ

మా గోనెల గ్రౌండు గురించి ఎవరినైనా అడిగి చూడండి, ముందు గేలరీ గురించే చెబుతారు. గేలరీ అనగానే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. పడమటి వైపు ఏడు రాతి మెట్లు, తూర్పు వైపు సగం కూలిన ప్రహరీ గోడ, అంతే. నెల్లిమర్లకి కాస్త ఇవతల ఉన్న మా ఊళ్లో ఒకప్పుడు సగం మంది జూట్ మిల్లు పనివాళ్లే. షిఫ్టు దిగి, చంకలో ఒక గోనె సంచి పెట్టుకుని కబడ్డీ చూడటానికి వచ్చేవారు. ఎండకి కాలిన మెట్ల మీద గోనె పరుచుకుంటే గానీ కూర్చోలేం మరి. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. పొద్దున్నే గోనె పరిచి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆ చోటు మీదే. దాన్ని జరిపినవాడికి ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టేవి కావు.

నా పేరు మురళీమోహన్. బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు నాదే. ఆ గ్రౌండులో ముప్పై ఏళ్లు స్కోరు బోర్డు రాశాను కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు అందరికంటే నాకే ఎక్కువని నా నమ్మకం. ఈ గర్వమే నా కొంప ముంచింది, ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు గున్నమ్మ గురించి చెప్పాలి.

గున్నమ్మ మా లక్ష్ముడు బావ భార్య. వరసకి నాకు అప్ప, అంటే అక్క. లక్ష్ముడు బావ కూతకి వెళ్తే ఎదుటి జట్టు వాళ్లు వెనక్కి వెనక్కి జరిగేవారు. జిల్లా జట్టులోకి తీసుకుంటారని అంతా అనుకుంటున్న రోజుల్లో, తొంభైలో, ఒక సాయంత్రం సెమీఫైనల్లో అతన్ని నలుగురు పట్టి పడేశారు. ఆటలో అది మామూలే. కానీ అతను పడిన చోట మట్టిలో కంకర రాయి ఉంది. అది మోకాలి చిప్ప కిందకి దిగింది. ఆపరేషన్ చేయించారు గానీ ఆ కాలు మళ్లీ వంగలేదు. అప్పటికి వాళ్లకి పెళ్లయి ఎనిమిది నెలలు.

ఆ అమ్మాయి ఇక ఆ గ్రౌండు ముఖం చూడదనుకున్నాం. వారం తిరక్కుండానే ఇంట్లో చోడిపిండి, అదే రాగిపిండి, జల్లించుకునే జల్లెడ పట్టుకుని వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. కోర్టు మూల ఒకచోట చతికిలబడి మట్టి జల్లించడం మొదలుపెట్టింది. కొంగు నడుముకి చుట్టి, తలెత్తకుండా, పదకొండు రోజులు. మొత్తం కోర్టు నాలుగు వేళ్ల లోతున తవ్వి, జల్లించి, మళ్లీ పరిచింది. తీసిన రాళ్లు గంపల కొద్దీ గోడ అవతల పారబోసింది. టోర్నమెంటు కమిటీ వాళ్లు ఆమెను పనిలో పెట్టుకున్నామని తరవాతెప్పుడో రాసుకున్నారు. అప్పటికి ఆమె పనిలో చేరి రెండేళ్లయింది.

ఆ మట్టిలో ఒక్క ఊరి మట్టే ఉండేది కాదు. టోర్నమెంటుకి వచ్చే ప్రతి జట్టూ తన ఊరి నుంచి ఒక గంప తేవాలని ఆమే పద్ధతి పెట్టింది. సముద్రం ఒడ్డు జట్లు ఇసక తెచ్చేవి. బొబ్బిలి వైపు మెట్ట రైతులు ఎర్రమట్టి, వరి పండించే ఊళ్ల వాళ్లు ఊక. అన్నీ కలిపి, రాత్రి తడిపి ఉంచి, పొద్దున్న తొక్కి, మెత్తగా చేసేది. ఏ ఊరివాడు పడినా తన ఊరి మట్టి మీదే పడుతున్నట్టు లెక్క. మాలో చాలామందికి ఆ సంగతే గొప్పగా ఉండేది.

అన్నిటికంటే గొప్ప మాత్రం ఆట ముందు ఆమె చేసే పని. రెండు జట్లూ బయట నిలబడి ఉంటే గున్నమ్మ ఒక్కతే కోర్టులో దిగి, మోకాళ్ల మీద, అరచేతులతో మట్టి తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేది. పదమూడు మీటర్లు. గేలరీలో అంతవరకూ గొంతు చించుకుంటున్న జనం నోరు మూసుకునేవారు. ఆమె లేచి చెయ్యి ఊపితేనే రిఫరీ విజిలు వేసేవాడు. ఆట అయ్యాక గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు వరసగా వచ్చి ఆమెకి మోకాళ్లు చూపించాలి. ఝాన్సీ అని మా ఊరి పిల్లే, ఆ గ్రౌండులో ఆడపిల్లల మొదటి మ్యాచి ఆడింది, ఇప్పుడు విశాఖలో పీఈటీ టీచరు. ఓడిపోయిన రోజున ఏడుస్తూ మోకాళ్లు చూపించడానికి వెళ్తే గున్నమ్మ వంగి, చర్మం ఎక్కడైనా చిరిగిందేమో చూసి, "సిరగనేదు గదే, మరెందుకు ఏడుపు?" అందట. ఆ మాట చెప్పి ఝాన్సీ ఇప్పటికీ నవ్వుతుంది. లక్ష్ముడు బావ గేటు దగ్గర ఉడకబెట్టిన శనగలు అమ్ముతూ కూర్చునేవాడు. ఎవరైనా పాత సంగతి ఎత్తితే, "ఆ గ్రౌండు నా మోకాలొక్కటే తిన్నాది. మరోటి తిన్నివ్వదు మా ఆడది," అనేవాడు.

పోయిన ఏడాది ఊరి చివర కొత్త ఇండోర్ హాలు కట్టారు. లోపల మ్యాట్లు, లైట్లు, ఫ్యాన్లు. పాత గ్రౌండులో దుకాణాల సముదాయం వస్తుందన్నారు. మా వాట్సాప్ గ్రూపులో ఆరు వందల మందిమి కన్నీళ్ల బొమ్మలు పెట్టుకున్నాం. నేనైతే మ్యాట్లని తిడుతూ పెద్ద పోస్టు రాశాను. గున్నమ్మకి అది చదివి వినిపిస్తే మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎందుకురా తిడతన్నావు? ఆ రబ్బరు దాంట్లో రాళ్లుండవు గదా. మంచిదే," అంది.

"నీకు బాధ లేదా అప్పా?"

"ఉన్నాది. ముప్పైనాలుగేళ్లు ఒక్క మోకాలు సిరగనేదు ఇక్కడ. ఆకరాట గూడ అలాగే ఎల్లిపోవాల. అంతే నాకు గావాల."

చివరి టోర్నమెంటు ఫైనల్ ఫిబ్రవరిలో, ఆదివారం నాలుగు గంటలకి. ఒడ్డు జట్టుకీ మెట్ట ఊళ్ల జట్టుకీ పోటీ. ఆ పొద్దున్న ఆరింటికే గున్నమ్మ కోర్టు సిద్ధం చేసి, ఆరనిచ్చి, స్నానం చేసి వంట చేసుకు వస్తానని ఇంటికి వెళ్లింది. ఎనిమిదింటికి నేను స్కోరు బోర్డు తుడవడానికి వెళ్లాను. కోర్టు ముందు నిలబడ్డాను. రేపటి నుంచి ఇది ఉండదు. జేబులోంచి రుమాలు తీసి, నడిగీత దగ్గర ఒక్క గుప్పెడు మట్టి తీసుకుని మూట కట్టాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. 'గోనెల గ్రౌండులో నా వాటా నేను తీసుకున్నాను. సాయంత్రం ఆట అవగానే గేటుకి తాళం పడుతుంది' అని కింద రాశాను. తాళం సంగతి నాకెవరూ చెప్పలేదు. ఊరికే రాశాను.

తరవాత షాపుకి పోయాను. పదకొండింటికి ఫోన్లు మొదలయ్యాయి.

వెళ్లి చూద్దును కదా, కోర్టు మధ్యలో గట్టి నేల తేలి ఉంది. మా ఊరి మట్టి కదా, మా ఊరి ఇసక కదా అని నా పోస్టు చూసి, తాళం పడేలోపే ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయారు. గుప్పెడుతో మొదలై డబ్బాల దాకా వెళ్లింది. అడుగున ఎప్పటివో కంకర రాళ్లు పళ్లలాగా పైకి లేచి ఉన్నాయి. తీసినవాళ్లెవరూ దొంగలు కారు. అందరూ ఆ గ్రౌండుని ప్రాణంగా చూసుకున్నవాళ్లే.

టోర్నమెంటు కార్యదర్శి ధనరాజు తల పట్టుకుని నిలబడ్డాడు. మంచివాడే. అప్పటికే వచ్చిన గున్నమ్మతో, "అప్పా, దీని మీద ఆడించనేను. ఎవులికైనా తగిల్తే? హాల్లో మ్యాట్లు వేసే ఉన్నాయి. ఆట అక్కడికి మార్చేస్తాను," అన్నాడు.

గున్నమ్మ కోర్టు వైపు చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తరవాత ధనరాజుతో, "పొద్దు ఎంతవరకుంటాది?" అని అడిగింది.

"ఆరింటి వరకు బాగానే కనిపిస్తాది. నలభై నిమిషాల ఆట. ఐదు దాటితే మొదలెట్టనేం."

"అయితే ఐదింటిదాకా నాకు ఒదిలీ."

ఆమె మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. మైకుని నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని అరిచింది. "నా మన్ను నాకు తెండి! ఆటయ్యాక అడిగితే నేదంతానేటి? ఆట ముందు అట్టుకుపోతారేటి, బుద్ధి నేదా? ఎవులు తీసినా నానేటీ అనను. తెండి!"

ఏమీ అనను అన్నదే గానీ అందరినీ అంది. ఆ మాట గ్రూపులోకి కూడా వెళ్లేసరికి మొదట సైకిళ్ల మీద వచ్చారు, తరవాత ఆటోల్లో. స్టీలు క్యారియర్లలో, పసుపు డబ్బాల్లో, టిఫిన్ గిన్నెల్లో మట్టి తిరిగి వచ్చింది. నారాయణమ్మ అనే ముసలామె అప్పటికే తులసి కుండీలో పోసేసిందట, కుండీ పళంగా మోసుకొచ్చింది. బొబ్బిలి బస్సు ఎక్కేసినవాడు సగం దారిలో దిగి వెనక్కొచ్చాడు. ఒడ్డు వాళ్లు చేపల గంప కడిగి అందులో తెచ్చారు. గున్నమ్మ వాసన చూసి, "పిల్లులొస్తాయిరా కోర్టులోకి," అని తిట్టింది. నేను నా రుమాలు తీసుకెళ్లి, గుంపులో ఎవరూ చూడకుండా కుప్ప మీద మూట పళంగా పడేసి ఇవతలికి వచ్చేశాను.

తిరిగొచ్చిన మట్టిలో ఇళ్లలోని చెత్తంతా ఉంది. పెంకులు, గులకరాళ్లు, ఒక పిన్నీసు కూడా. ఫైనల్ చూడటానికి విశాఖ నుంచి వచ్చిన ఝాన్సీ వీధిలోకి పరిగెత్తి ఇంటింటా జల్లెడలు అడిగి తెచ్చింది. అప్పుడు ఒక దృశ్యం చూశాను, బతికుండగా మరిచిపోను. ముప్పై ఏళ్లుగా ఒకళ్ల జట్టుని ఒకళ్లు బూతులు తిట్టుకున్న జనం గోనెలు పరుచుకుని వరసగా కూర్చుని పిండి జల్లెడలతో మట్టి జల్లించారు. గున్నమ్మ ఎవర్నీ నమ్మలేదు. వాళ్లు జల్లించిన ప్రతి గంపనీ తన ఇనప జల్లెడలో మళ్లీ జల్లించింది. మిగిలిన రాళ్లని పారెయ్యకుండా పక్కన పెట్టుకుంది. యాభై దాటిన మనిషి, నాలుగు గంటలు నడుం ఎత్తలేదు. లక్ష్ముడు బావ శనగల బండి వదిలేసి వచ్చి, వంగని కాలు చాపుకుని పక్కన కూర్చుని గంపలు అందించాడు.

ఐదుకి పది నిమిషాలు ఉందనగా మట్టి పరవడం అయింది. గున్నమ్మ మోకాళ్ల మీద దిగింది. ఆ రోజు చాలా నెమ్మదిగా వెళ్లింది. నడిగీత దగ్గర ఆగి, అదే చోట మూడుసార్లు తడిమింది. చివరకి చేరి లేవబోతే లేవలేకపోయింది. రెండు జట్ల కుర్రాళ్లూ ముందుకి రాబోతే "ఉండండొరే" అని కసిరి, తనంతట తనే లేచి చెయ్యి ఊపింది. ధనరాజు గడియారం చూడటం మానేశాడు.

ఆట చివరి నిమిషం దాకా సమానంగా నడిచింది. ఒడ్డు జట్టు కెప్టెను దాలయ్య ఆఖరి కూతకి వెళ్లాడు. ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగేసరికి ఐదుగురు మీద పడ్డారు. అందరి బరువుతో సహా దబ్బున పడ్డాడు, చెయ్యి చాచి నడిగీత అందుకున్నాడు. సరిగ్గా నేను గుప్పెడు తీసిన చోట. ఒడ్డు జట్టు గెలిచింది, కానీ గేలరీలో ఒక్కడూ కేక వెయ్యలేదు. దాలయ్య కదల్లేదు. నా చేతిలో సుద్ద ముక్క విరిగిపోయింది.

తరవాత అతను ఒక్కొక్కరినీ మీద నుంచి తోసుకుని లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. కప్పు వైపు వెళ్లకుండా తిన్నగా గున్నమ్మ దగ్గరికి వెళ్లి రెండు మోకాళ్లూ చూపించాడు. ఆమె వంగి వేలితో తడిమి, "నేదు. సిరగనేదు," అంది. అప్పుడు లేచింది గేలరీ.

పద్నాలుగు మందీ మోకాళ్లు చూపించడం అయ్యాక ఆమె, "ఇప్పుడు రండి. వరసలో రండి," అని పిలిచింది. ఎవరినీ మట్టి ముట్టుకోనివ్వలేదు. ప్రతివాడికీ తనే గుప్పెడు తీసి, జల్లెడలో వేసి, జల్లించి చేతిలో పోసింది. ఇంట్లో దాచుకునే మట్టికి జల్లించడం ఎందుకని ఎవరూ అడగలేదు. నేను సిగ్గుపడి వరస చివర నిలబడ్డాను.

నా వంతు వచ్చేసరికి ఆమె కొంగు ముడి విప్పి ఒక మూట తీసింది. నా రుమాలే. చేతిలో పెడితే బరువుగా ఉంది. విప్పి చూస్తే అన్నీ రాళ్లు.

"నువ్వెట్టిన ఫొటో ఝాన్సీ సూపించినాది," అంది. "మన్ను ఆళ్లందరికీ ఇచ్చీసినాను. ఇయ్యాల జల్లెడలో మిగిలినియి ఇయి. ఇయే నీ వాటా. అట్టుకెల్లి దాసుకో."

రుమాలు మళ్లీ ముడి వేసుకున్నాను. ఆమె నా భుజం మీద ఒక్కటి వేసి నవ్వింది.

మా ఊళ్లో ఇప్పుడు చాలా ఇళ్లలో దేవుడి గూట్లో గోనెల గ్రౌండు మట్టి ఉంది. నా షాపులో బల్ల మీద మాత్రం ఒక గాజు సీసా నిండా రాళ్లుంటాయి. జిరాక్సుకి వచ్చినవాళ్లు ఇవేటని అడుగుతారు. ఎవరి మోకాలికీ తగలని రాళ్లని చెబుతాను.