నాగాయలంక క్యాసెట్లు

బందరు యూనివర్సిటీ సెమినారు ఆహ్వానంలో నా భార్య సేకరణను "అమూల్య నిధి" అన్నారు. ఆ మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. ఆమె పోయి ఏడాది కాలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ యూనివర్సిటీ వాళ్ళెవరూ ఆమెను మాట్లాడమని పిలవలేదు.

నేనూ పనిచేసిన గుడివాడ కాలేజీలోనే ఆమె చరిత్ర చెప్పేది. సెలవు రోజుల్లో బస్సెక్కి నాగాయలంక వెళ్ళి, డెబ్భై ఏడు ఉప్పెనలో బతికి బయటపడ్డ ఆడవాళ్ళతో మాట్లాడి టేపు చేసుకొచ్చేది. వాళ్ళు మధ్యలో ఆగిపోతే రికార్డరు ఆపేది కాదు, మరో ప్రశ్న వేసేది కాదు. "అడిగితే అందరూ చెప్పిందే చెప్తారు. ఊరుకుంటే తమది చెప్తారు," అనేది. అందుకని ఆ క్యాసెట్లలో చాలాచోట్ల ఏమీ వినపడదు.

ఇప్పుడు ఆ క్యాసెట్లన్నీ యూనివర్సిటీ చరిత్ర శాఖాధిపతికి కావాలి. కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేసి పెడతామన్నాడు. శుభ్రం చేస్తే ముందుగా పోయేవి ఆ ఖాళీలే. మనుషుల్ని చూసి, నమ్మకం కలిగితే ఇద్దామనుకుని, క్యాసెట్ల సంచి పట్టుకుని బందరు వెళ్ళాను. అంతకుముందు ఒక్క క్యాసెట్టుకి మాత్రం కొట్లో నకలు తీయించి, అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయికి పంపాను. ఆ రోజు ఆమె పేపరు ఉంది.

హాల్లో నా పక్కన మా కాలేజీ లెక్కల మాస్టారు కూర్చున్నాడు. నా ఒళ్ళో సంచి చూసి నవ్వాడు.

"ముందు శాలువా కప్పుతారు బావా. కప్పించుకున్నాక ఇవ్వనని ఎట్లా అంటావు?"

"అందుకే కప్పుతారు."

"నాకూ కప్పారులే. మా ఇంట్లో కుట్టుమిషను మీద ఉంది."

అన్నట్టే కప్పారు. తర్వాత ఆమె స్మృతికి నిమిషం మౌనం పాటించమన్నారు. నిమిషం కాకుండానే కుర్చీలు చప్పుడు చేశాయి. సంచి కాళ్ళ మధ్యకు లాక్కున్నాను.

ఆ అమ్మాయి పేపరు శీర్షికలో "మూగవోయిన కడలి గీతం" అని ఉంది. ఈమె కూడా అంతే అనుకున్నాను. చదవడం మాత్రం మామూలుగా చదివింది. కాసేపటికి కాగితాలు పక్కన పెట్టి, నేను పంపిన టేపు వినిపించింది.

"నీళ్ళొచ్చేశాయమ్మా. సంటిదాన్ని ఎత్తుకున్నా. పెద్దోడి చెయ్యి పట్టుకున్నా."

అక్కడ గొంతు ఆగింది. దూరంగా కోడి కూత, ఎవరో బిందె దించిన చప్పుడు. ఒకసారి నా భార్య "ఊఁ" అంది. ఆమె పోయాక ఆ గొంతు వినడం అదే మొదటిసారి. నేను తల వంచుకున్నాను.

హాల్లో దగ్గులు మొదలయ్యాయి. వేదిక మీద నుంచి శాఖాధిపతి గడియారం చూపించాడు.

"కొంచెం ముందుకు జరపమ్మా. భోజనాల టైమయింది."

"ఆవిడింకా చెప్తున్నారండీ."

"ఏం చెప్తోంది? ఏం వినపట్టం లేదుగా."

ఆ అమ్మాయి టేపు జరపలేదు. నిలబడే ఉంది. చివరికి గొంతు మళ్ళీ వచ్చింది.

"చెయ్యి తడిగా ఉంది గదమ్మా."

అంతే. తర్వాత హాల్లోంచి ప్రశ్నలేవీ రాలేదు.

భోజనాల దగ్గర శాఖాధిపతి సంచి కోసం చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి మాస్టారూ, మావాళ్ళు చూసుకుంటారు." నేను ఇవ్వలేదు. ఆ అమ్మాయిని పిలిచి ఒక క్యాసెట్టు తీసి ఇచ్చాను.

"ఇది విని, రాసుకుని, తీసుకురా. తర్వాత ఇంకోటి."

"నమ్మకం కలగలేదా అండీ?"

"ఇంకా లేదమ్మా."

ఆమె నొచ్చుకోలేదు. క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో మాట్లాడినావిడ బతికే ఉన్నారా అండీ? ఉంటే ముందు ఆవిణ్ణి అడగాలి. మీరిస్తే సరిపోదు."

ఆ మాట నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ ఎవరికి ఇవ్వకూడదా అనే చూసుకున్నాను.

"నాగాయలంకలో అడిగితే తెలుస్తుంది. ఆదివారం రా, వెళ్దాం," అన్నాను.

ఆమె క్యాసెట్టు మళ్ళీ నా చేతిలో పెట్టేసింది. "అయితే అప్పుడే ఇవ్వండి."

గుడివాడ బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. క్యాసెట్ల మీద దుమ్ము పడకుండా శాలువా మడిచి వాటి మీద కప్పాను.